ఐఎన్‌ఆర్ ఊగుతోందా? మందు మార్చే ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి

గుండెకి మెటల్ వాల్వ్ వేయించుకున్నవాళ్ళు, కాలి నరంలో రక్తం గడ్డ కట్టినవాళ్ళు చాలామంది రోజూ అసిట్రోమ్ గానీ వార్ఫరిన్ గానీ వేసుకుంటారు. ఆ ఇళ్ళల్లో ఐఎన్‌ఆర్, అంటే రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే అంకె, రిపోర్ట్ వచ్చే రోజంటే గుండెల్లో దడే. పోయిన నెల 2.4, ఈ నెల 3.3. మందు అదే, మనిషీ అదే. మరి అంకె ఎందుకు కదిలింది? మన ఒంట్లోకి వెళ్ళేముందు ల్యాబులోకి వెళ్దాం.

రక్తం తీసి లేత నీలం మూత ఉన్న ట్యూబులో పోస్తారు. అందులో ముందే సోడియం సిట్రేట్ ఉంటుంది. రక్తంలోని కాల్షియాన్ని పట్టేసి గడ్డ కట్టకుండా ఆపేది అదే. తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు సిట్రేట్, ట్యూబు మీద గీత ఉన్నది ఈ లెక్క కోసమే. గీత దాకా రక్తం నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, ఐఎన్‌ఆర్ ఉన్నదానికంటే పెరిగినట్టు చూపిస్తుంది. కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడు ఆ గీత వైపు ఒకసారి చూడండి. తక్కువ వచ్చిందనిపిస్తే మళ్ళీ తీయమని అడగండి, మొహమాటం వద్దు.

తర్వాత ల్యాబువాళ్ళు ప్లాస్మాని వేరు చేసి, అందులో థ్రోంబోప్లాస్టిన్ అనే రీఏజెంట్, కాల్షియం కలిపి, ఎన్ని సెకన్లలో గడ్డ కడుతుందో కొలుస్తారు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈ రీఏజెంట్‌ని కొన్ని కంపెనీలు కుందేలు మెదడు నుంచి తీస్తాయి, కొన్ని మనిషి ప్రోటీన్‌ని ల్యాబులో తయారు చేస్తాయి. ఒక్కోదాని చురుకు ఒక్కోలా ఉంటుంది. అందుకని ఒకే రక్తానికి వేర్వేరు చోట్ల వేర్వేరు సెకన్లు వచ్చేవి. దీన్ని సరిచేయడానికే 1980ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్‌ఆర్ పద్ధతి తెచ్చింది. ప్రతి రీఏజెంట్‌కీ ఐఎస్‌ఐ అని ఒక అంకె ఇస్తారు. పేషెంట్ సెకన్లని నార్మల్ సెకన్లతో భాగించి, వచ్చినదాన్ని ఐఎస్‌ఐ ఘాతానికి పెంచాలి.

లెక్క చేసి చూద్దాం. మీకు 24 సెకన్లు, నార్మల్ 12. నిష్పత్తి 2. ఐఎస్‌ఐ 1 అయితే ఐఎన్‌ఆర్ 2. ఐఎస్‌ఐ 1.3 అయితే దాదాపు 2.5. ల్యాబులో కొత్త లాట్ రీఏజెంట్ వచ్చినప్పుడు మెషిన్‌లో పాత ఐఎస్‌ఐ అలాగే ఉండిపోతే, ఆ రోజు వచ్చిన అందరి రిపోర్టులూ తప్పుతాయి. అందుకే ఎప్పుడూ ఒకే ల్యాబుకి వెళ్ళమంటాను. పది రూపాయలు తక్కువని ల్యాబు మార్చొద్దు.

వేలి చుక్కతో ఇంట్లో చూసుకునే మీటర్లు కూడా ఉన్నాయి. స్ట్రిప్‌లో జరిగే రసాయన చర్యతో పుట్టే కరెంటుని కొలిచి నిమిషంలో అంకె చెబుతాయి. మంచివే, కానీ రీడింగ్ బాగా ఎక్కువగా వస్తే నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబులో సరిచూసుకోవాలి. 2018లో రోష్ కంపెనీ కోయాగుచెక్ మీటర్ స్ట్రిప్‌లని అమెరికాలో పెద్ద ఎత్తున వెనక్కి తీసుకుంది, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయని.

ఇక మన ఒంట్లోకి. అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి మందు లివర్‌లో విటమిన్ కె పని చేయకుండా అడ్డుకుని, గడ్డకట్టించే ఫ్యాక్టర్లు సరిగా తయారవకుండా చేస్తుంది. రక్తంలో అప్పటికే ఉన్నవి అయిపోవాలి కదా. ఏడో ఫ్యాక్టర్ కొన్ని గంటల్లో తగ్గుతుంది, రెండో ఫ్యాక్టర్‌కి రోజులు పడుతుంది. అంటే ఈ రోజు డోసు మారిస్తే దాని పూర్తి ప్రభావం ఈ రోజు రిపోర్టులో కనపడదు. నిన్న మర్చిపోయానని ఈ రోజు రెండు మాత్రలు వేసుకోవడం ప్రమాదం అనేది ఇందుకే.

అంకెని అమాంతం ఎగదోసేవి ఏవంటే, నా దృష్టిలో మొదటి స్థానం మెడికల్ షాపు మందులదే. ఉదాహరణకి, విరేచనాలు పట్టుకున్నాయి, రెండు రోజులుగా తిండి లేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ మెట్రోనిడజోల్ ఇచ్చారు. తిండి లేక విటమిన్ కె తగ్గింది, పైగా ఆ బిళ్ళ ఒంట్లోంచి వార్ఫరిన్ బయటికి పోకుండా ఆపుతుంది. రెండూ కలిసి ఐఎన్‌ఆర్‌ని ప్రమాదంలోకి నెట్టేస్తాయి. కోట్రైమోక్సజోల్, ఫ్లుకోనజోల్ కూడా అంతే. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా రివర్స్, ఐఎన్‌ఆర్‌ని పడేస్తుంది. టీబీ కోర్సు అయిపోయాక అది మళ్ళీ ఎగబాకుతుంది. ఏ కొత్త మందు ఇచ్చినా "నేను రక్తం పలచనయ్యే మందు వాడుతున్నాను" అని ముందే చెప్పండి. నాలుగైదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూడాలా అని మీ డాక్టర్ని అడగండి.

ఆకుకూరలు మానేయమని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. పాలకూర, తోటకూరల్లో విటమిన్ కె బాగా ఉంటుంది, నిజమే. కానీ మానడం కాదు, ప్రతి వారం ఒకేలా తినడం ముఖ్యం. కార్తీక మాసంలో ఉపవాసాలుండి, ఆ తర్వాత వారం మొత్తం ఆకుకూర పప్పే తింటే అంకె ఊగదా మరి.

"కొత్త మందులొచ్చాయట, వాటికి ఐఎన్‌ఆర్ అక్కర్లేదట" అని అడుగుతారు. మెటల్ వాల్వ్ ఉంటే వాటి జోలికి వెళ్ళొద్దు. ఆ పేషెంట్లకి వాటిలో ఒకటైన డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరీక్షని గడ్డలు, రక్తస్రావం ఎక్కువవడంతో మధ్యలోనే ఆపేశారు.

మొదట చెప్పిన 3.3 సంగతి. మీ టార్గెట్ 2 నుంచి 3 అనుకుందాం. అంతకుముందు నిలకడగా ఉండి, ఒక్కసారి 0.5 లోపు అటూ ఇటూ అయితే, డోసు మార్చకుండా ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చూడమని 2012 నాటి అమెరికన్ ఛాతీ వైద్యుల మార్గదర్శకాలు సూచిస్తాయి. చిన్న కదలికకల్లా డోసు మారిస్తే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది. వాల్వ్ ఉండి అంకె టార్గెట్ కంటే తగ్గితే మాత్రం అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఒక్క రిపోర్టు కంటే ఎన్ని రోజులు టార్గెట్‌లో ఉన్నారన్నది ముఖ్యం. 10వ తేదీన 1.6, 20న 2.6 అనుకోండి. రోజుకి 0.1 చొప్పున పెరిగిందనుకుంటే, నాలుగో రోజుకి 2కి చేరింది. పది రోజుల్లో ఆరు రోజులు టార్గెట్‌లో ఉన్నట్టు, అంటే 60 శాతం. 65, 70 పైన ఉంటే బాగున్నట్టు. ఫోన్‌లో షీట్ పెట్టుకుని తేదీ, అంకె, డోసు, ఆ వారం జ్వరం గానీ కొత్త మాత్ర గానీ ఉంటే అదీ రాయండి. డాక్టర్‌కి అదే చూపించండి.

ఆఖరిగా ఒక్క మాట. తలకి దెబ్బ తగిలినా, విరేచనం నల్లగా తారులా వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా ఐఎన్‌ఆర్ రిపోర్ట్ కోసం ఇంట్లో కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.