మాత్రల అట్ట మీద ఎర్ర గీత

నాట్లేసి నడుం విరిగినా చదువుకు వచ్చారు. ఇవాళ పుస్తకం పక్కన పెడదాం. ఈ మాత్రల అట్టను చదువుదాం.

అట్ట వెనక్కి తిప్పండి. పైనించి కిందికి ఎర్ర గీత ఉంది చూశారా? డాక్టరు చీటీ లేకుండా ఈ మందు కొనకూడదు, వాడకూడదు అని దాని అర్థం. దీని గురించి 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది. అక్షరం రానివాళ్ళకీ గీత తెలుస్తుంది కదా! యాంటీబయాటిక్ మాత్రల మీద ఈ గీత ఉంటుంది. ఇవి బాక్టీరియా అనే రోగక్రిములను చంపే మందులు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. నాట్లలో మా అమ్మ కాలు తెగి చీము పట్టింది. డాక్టరుగారు ఏడు రోజులకు మాత్రలు రాశారు. మూడో రోజుకే నొప్పి తగ్గింది. "డబ్బు పోసి కొన్నవి, దాస్తే పనికొస్తాయి" అని అమ్మ మిగతావి పోపుల డబ్బాలో పెట్టింది. నెల తిరగ్గానే తమ్ముడికి జలుబు, దగ్గు, జ్వరం. అమ్మ ఒక మాత్ర సగం విరిచి వేసింది. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు. పెదవులు వాచాయి. ఊపిరి ఆడలేదు. ఆటోలో బెజవాడ ఆసుపత్రికి పరిగెత్తాం. బతికాడు. వాడికి ఆ మందు పడదట. ఇప్పటికీ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మందు పేరు రాసిన కాగితం ముందు చూపిస్తాడు.

అమ్మకి చదువు రాదు. చదువొచ్చిన నేను పక్కనే ఉన్నాను. నేనూ అట్ట చూడలేదు.

అసలు జలుబుకి ఆ మాత్ర పనిచెయ్యదు. జలుబు తెచ్చేది వైరస్, బాక్టీరియా కాదు. ఇంక సగంలో మానెయ్యడం ఉంది. మన చేలల్లో సుడిదోమ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఒకప్పుడు చచ్చిన మందుకే ఇప్పుడు చావట్లేదు. రోగక్రిములూ అంతే. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగు, చాలీచాలకుండా వాడితే క్రిములు మందుకు లొంగవని 1945లోనే హెచ్చరించాడు. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో పరిశోధన నడిపిన చోటే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారైంది. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీశారు. 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడే ఆయన పోయారు. అంత కష్టపడి తెచ్చిన మందులు మన పిల్లల నాటికి పనిచెయ్యకుండా పోతే ఎట్లా?

అందుకని డాక్టరు ఎన్ని రోజులు, రోజుకి ఎన్నిసార్లు అంటే అన్నీ వేసుకోండి. ఒక పూట మరిచిపోతే తర్వాత రెండు కలిపి మింగొద్దు. కడుపుతో ఉన్నా, పాలిచ్చే తల్లయినా సిగ్గుపడకుండా ముందే చెప్పండి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్‌లు ఐరన్‌తోనో, పాలతోనో వేసుకుంటే ఒంటికి పట్టవు. దద్దుర్లు వచ్చినా, విరేచనాలు ఎక్కువైనా డాక్టరుకి చూపించండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

రేపు మీ ఇళ్ళల్లో ఉన్న మాత్రల అట్టలు పట్టుకురండి. పోపుల డబ్బాలు కూడా వెతకండి! గీత ఎక్కడుందో, గడువు తేదీ ఎక్కడుందో అంకెలు కూడబలుక్కుని చదువుదాం.