చిఱువేట: తావులును, నిబంధనలును
(గోదావరి డెల్టా రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



నేను సేద్యమునందు పండితుడను గాను. రివెన్యూ శాఖలో సర్కారు ఉత్తర్వులను తెనుగు చేయుట నా వృత్తి. ఆ పనివలన తెలిసిన సంగతి యొకటి మీకు ఉపకరించునని తోచి, నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

వరికోతలై చేలు ఖాళీ కాగానే పలువురు నన్నడుగు ప్రశ్న యొకటే. "అయ్యా, కుందేళ్లకును పూరేళ్లకును ఎక్కడికి పోవచ్చును? ఏ కాగితము కావలెను?" దీనికి సూటియైన సమాధానము: పోదగిన తావు లేదు, ఇచ్చెడు కాగితమును లేదు. ఇది యెట్లు వచ్చినదో తెలిసికొన్నగాని మీకు నమ్మకము కుదురదు.

1912 సంవత్సరపు అడవి పక్షుల, జంతువుల సంరక్షణ చట్టము కుందేలు, కౌజు, పూరేడు, బాతు మొదలగువానిని కొన్ని మాసములలో మాత్రము చంపగూడదని నిషేధించుటకు ప్రభుత్వమునకు అధికార మిచ్చెను. తన ఆస్తిని కాపాడుకొనుటకై సద్బుద్ధితో చంపినవానికి ఆ చట్టము వర్తింపదనియు అందు వ్రాసియుండెను. "నా చేనిలో పడినది, నేను కొట్టితిని" అని పెద్దలు చెప్పుమాట ఆ కాలపుది. తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. అందును మొదట చిన్నవేటకు వేఱుగా లైసెన్సు ఉండెడిది. 1991 సవరణచే వేట లైసెన్సుల పద్ధతి యెత్తివేయబడెను. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. దానిప్రకారము ఉడుము, నెమలి, బావురుపిల్లి మొదటి పట్టికలోను, కుందేలు, అడవిపంది రెండవ పట్టికలోను ఉన్నవి.

కొందఱు "మాకు తుపాకి లైసెన్సు కలదు గదా" యందురు. అది 1959 ఆయుధముల చట్టము క్రింద తుపాకి నుంచుకొనుటకు ఇచ్చినది. ప్రాణిని కొట్టుటకు ఇచ్చినది కాదు.

ఇక "వేట" యను మాట. మన వాడుకలో వేట యనిన తుపాకియో, కుక్కలో, వలయో జ్ఞప్తికి వచ్చును. చట్టమునందు ఆ మాట మిక్కిలి విశాలమైనది. చంపుట, విషము పెట్టుట, పట్టుట, ఉచ్చు పన్నుట, బోను పెట్టుట, తఱుముట, ఎరవేయుట, ఇవన్నియు వేటయే. వీనిలో దేనికైనను ప్రయత్నించుటయు వేటయే. పక్షుల గ్రుడ్లను తీయుట, గూళ్లను చెఱచుట కూడ అందు చేరినవి. కావున రాత్రి గట్టుమీద ఉచ్చు పన్ని, తెల్లవాఱి ఏమియు పడక తీసివేసినవాడును నేరము చేసినవాడే యగును.

తావుల విషయము చెప్పెదను. కొల్లేరు 1999లో పక్షుల అభయారణ్యముగా ప్రకటింపబడెను. దాని విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు. శీతకాలమున దూరదేశములనుండి వచ్చు బాతులును, ఆటపాకలో గూళ్లు కట్టు గూడబాతులును దాని రక్షణలోనివి. కోరంగి మడ అడవి 1978లో అభయారణ్యమయ్యెను. బావురుపిల్లులును నీటికుక్కలును అక్కడ కలవు. పాపికొండలు 2008లో జాతీయవనమయ్యెను. ఈ మూడు తావులను వదలి తన సొంత చేనిలో వేటాడవచ్చునా యని మీ రడుగవచ్చును. పట్టా నేలకు సంబంధించినది. దానిపై తిరుగు ప్రాణికి సంబంధించినది కాదు. లంకయైనను, కాలువగట్టైనను, సరుగుడుతోటయైనను నిషేధ మొక్కటే. భేదము శిక్షయందే. సాధారణముగా మూడేండ్లవఱకు ఖైదు, లేక లక్ష రూపాయలవఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. మొదటి పట్టికలోని ప్రాణి యైనను, అభయారణ్యములో వేటాడినను, మూడేండ్లకు తక్కువ గాక ఏడేండ్లవఱకు ఖైదును, పైగా జరిమానాయు తప్పవు.

చేపల వేటకు వేఱు నిబంధనలు కలవు. మన తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపు పడవలు సముద్రమునకు పోరాదు. ఈ రెంటిని కలిపి చూడకుడు.

మఱి పైరును పందులు తవ్విపోయునప్పుడు రైతు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా? అట్లు కాదు. మీ మీదనో, వేఱొకరి మీదనో ప్రాణి పైబడినప్పుడు ప్రాణరక్షణకై సద్బుద్ధితో కొట్టుట నేరము కాదు. కాని ఆ కళేబరము సర్కారుది, దానిని వండుకొనరాదు. పైరు విషయములో 1912 నాటి మినహాయింపు నేడు లేదు. రెండవ పట్టికలోని జంతువు నిలువుపైరునకు హాని చేయుచున్నచో, ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడుగాని, ఆయనచే అధికారము పొందిన అధికారిగాని కారణములు చూపి వ్రాతమూలముగ అనుజ్ఞ నీయవచ్చును. కావున చేను చెడిన మఱునాడే సర్వే నంబరు, పైరు, చెడిన విస్తీర్ణము వ్రాసి అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొని, రసీదు పుచ్చుకొనుడు. నోటిమాట అనుజ్ఞ కానేరదు.

చేనిచుట్టు కరెంటు తీగ మాత్రము ఎన్నడును కట్టకుడు. చీకటిలో ఆ తీగకు పందికిని, నీరు కట్ట వచ్చిన పాలేరుకును, వెదుక వచ్చిన కన్నకొడుకునకును భేదము తెలియదు.

పొలమునందలి ఎలుకల సంగతి వేఱు. వానిని బుట్టలు పెట్టి పట్టించుట మన డెల్టాలో పూర్వమునుండి వచ్చుచున్న పని; వ్యవసాయశాఖవారును ఎలుకల నిర్మూలనమును ప్రోత్సహింతురు. అయితే గుడ్లగూబయు, జెఱ్ఱిపోతును రేయింబవళ్లు ఎలుకలను తిని మీకు జీతములేని కావలివారై యున్నవి. వానిని చంపుట చట్టవిరుద్ధమే గాక, ఎలుకకు మేలు చేయుటయు నగును. చేలలో అడ్డుకఱ్ఱ కట్టిన గుంజలు నాటినచో గుడ్లగూబ వానిపై వ్రాలి తన పని తాను చేయును.

సోదరులారా, వినోదమునకని పోయి కోర్టుల చుట్టు తిరుగువాని యింట నాటులు ఆగును, అప్పు పెరుగును. ఒక పూట కూరకై ఇల్లు గుల్ల చేసికొనవద్దని మనవి. ఈ మాటను సభకు రాని మీ యిరుగుపొరుగువారికి, ముఖ్యముగ ఉచ్చులతో ఆడుకొను పిల్లలకు, చదివి వినిపింపుడు.