నిరాశ్రయుల సేవ – విశ్వవిద్యాలయముల బాధ్యత

నిలువనీడ లేని మనిషికి వ్యాధి సోకినపుడు ఔషధ మొక్కటియే చాలదు. కట్టు గట్టించుకొనిన రోగి మరల కాలిబాటమీదనే పరుండవలసివచ్చినచో ఆ గాయము మానుట దుర్లభము. కావున వైద్యమును, ఆశ్రయమును, గుర్తింపుపత్రమును, ఆప్తుల యన్వేషణమును ఏకకాలమున సమకూర్పవలయును.

ముంబయిలోని టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, తాను విశ్వవిద్యాలయస్థాయి విద్యాపీఠమై యుండియు, తరగతిగదికే పరిమితము కాక, 2006లో ‘కోశిశ్’ అను క్షేత్రకార్యక్రమము నారంభించి, సాంఘికసేవా విద్యను నిరాశ్రయుల చెంతకు గొనిపోయినది. ఇక ఆశ్రయము విషయమున, నగరములలో లక్ష జనాభాకు కనీస మొక ఆశ్రయగృహ ముండవలయునని సర్వోన్నత న్యాయస్థానము 2010లో ఆదేశించినది.

మన విశ్వవిద్యాలయములును సమీపాశ్రయగృహములకు వైద్య, న్యాయ, సాంఘికసేవా విద్యార్థులను ఆచార్యుల పర్యవేక్షణమున క్రమముగా పంపుచు, ఆ సేవను పాఠ్యప్రణాళికలో నంతర్భాగముగా చేయవలయునని నా విన్నపము.