బందరు దండును తరలించినది ఉప్పెన కాదు



మా గురువర్యుల పేర నెలకొన్న ఈ స్మారకోపన్యాసమును చేయుమని కార్యనిర్వాహకులు నన్ను కోరుట నాకు మహద్గౌరవము. వారి పాండిత్యమును మీరందరు నెరుగుదురు. నాకు మాత్రము, శిష్యుడు వ్రాసి తెచ్చిన కాగితమున సంవత్సరము లేనిచో చదువకయే తిరిగి యిచ్చెడి వారి కాఠిన్యమే మొదట స్ఫురించును. ఆ శిక్షణలో పెరిగినవాడను గనుకనే, చిరకాలముగా నేను సాగించుచున్న వివాదమును ఈ వేదికపై విన్నవింపదలచితిని.

1759 ఏప్రిలులో ఆంగ్ల సేనాని ఫోర్డు ఫ్రెంచివారినుండి బందరు కోటను పట్టుకొనుటయు, 1766లో నైజాముతో సంధి కుదిరి ఉత్తర సర్కారులు కుంఫిణీవారి వశమగుటయు, పిమ్మట కొండపల్లిలో ఆంగ్లేయులు సైనిక శిక్షణాలయమును నెలకొల్పుటయు పాఠశాల బాలురకును తెలిసినవే.

1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 ప్రాణములను బలిగొనగా, బందరులోని కుంఫిణీ సైనిక స్థావరమగు దండు దానితోనే లేచిపోయెనని పెక్కురు చెప్పుచున్నారు. ఈ మాట నాకు సమ్మతము కాదు; సర్కారు ఈ సీమలో సైన్యమును ఉప్పెనకు ముందునుండియే క్రమముగా తగ్గించుచు వచ్చెనని నా వాదము. సముద్రమునకు దూరముగా, కొండలనడుమ నున్న కొండపల్లిలో సైనిక స్థావరమును వ్యయభారముచే 1859లోనే ఎత్తివేసిరి. అచ్చటికి ఏ కెరటము వచ్చెను? ఆ యేటనే 24వ చట్టముచే మద్రాసు రాజధానిలో క్రొత్త పోలీసు ఏర్పడి, ఖజానాల కాపలా వంటి పనులు సిపాయిల భుజములనుండి క్రమముగా తొలగసాగెను.  రాణీ ప్రభుత్వము వచ్చిన పిమ్మట కుంఫిణీ ఐరోపా పటాలములు రాజసైన్యమున లీనమగుటయు, మద్రాసు దేశీయ పదాతి పటాలములు కొన్ని రద్దగుటయు ఉప్పెనకు ముందటి కథయే యని విల్సను రచించిన మద్రాసు సైన్య చరిత్రను తిరుగవేసినవారు ఎరుగుదురు.

ఉప్పెనచే బందరు కోట పాడుపడెను గదా యందురు. నిజమే, కాని ఆ ఉప్పెనయే ఊరినిగూడ ముంచెను, అయినను జిల్లా కచేరీ బందరుననే నిలిచెను. ప్రభుత్వము కావలసినదానిని బాగుచేసికొని, అక్కరలేనిదానిని విడిచెను.

దండును ఇంత మెల్లగా నేల తగ్గించిరి? 1809లో, గవర్నరు బార్లో కాలమున, పటాలముల డేరాలకై తమకిచ్చెడి కాంట్రాక్టు రద్దుతో రాబడి తగ్గిన సైనికాధికారులకు, తమ పటాలమును ముక్కలుచేసి ఓడలమీదికి పంపుదురను అనుమానము తోడుకాగా, వారు బందరులో తమ నాయకుడగు ఇన్నిసునే నిర్బంధించిరి. వారిని శాంతింపజేయుటకు కుంఫిణీ అధికారి మాల్కము రావలసివచ్చెను. సైన్యమున హఠాత్తుగా కోత పెట్టుటవలని ముప్పును సర్కారు బందరులోనే నేర్చెనని నా సిద్ధాంతము.

ఇప్పుడు నేను కూర్చుచున్న గ్రంథమునకు ఈ సిద్ధాంతమే పునాది. కొండపల్లి కోట చెంత ఆంగ్లేయుల శ్మశానము నేటికిని కలదు. అందలి శిలలు చనిపోయినవారిని గూర్చి చెప్పును గాని, దండు కదలిన నాడు జీవనము కోల్పోయిన చాకళ్లను, నీరు మోయువారిని, బజారు వర్తకులను, పింఛను సిపాయిల కుటుంబములను గూర్చి చెప్పవు. ఎన్ని తుపాకులు, ఎంత వ్యయము అను పద్దులు సర్కారు లెక్కలలో దొరకును. ఈ మనుష్యుల పద్దు మన యిండ్ల పెట్టెలలోనే దొరకవలెను. కావున కృష్ణా, గుంటూరు మండలములందు పింఛను కాగితములు, దండు భూముల దస్తావేజులు గలవారు వానిని చెదలపాలు కానీయక నాకు చూపవలెనని ప్రార్థించుచున్నాను.