క్యారియర్ అంటే టిఫిన్ డబ్బా కాదు
(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన విద్యార్థి, యువజనుల సభలో ఒక ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా మీరంతా రేలా ఆడి అలసిపోయి ఉన్నారు. డోలు చప్పుడు ఆగాక వచ్చే ఉపన్యాసం ఎవరికీ రుచించదని నాకు తెలుసు. అందుకే ముందు ఒక ప్రశ్న అడుగుతాను. క్యారియర్ అంటే ఏమిటి?

నవ్వుతున్నారు. అన్నం క్యారియర్ అంటున్నారు. సైకిలు వెనక ఉండేది అని అక్కడ ఒక తమ్ముడు అంటున్నాడు. రెండూ నిజమే. ఈ మాట అర్థం తెలియక మన ఆడపిల్ల ఒకతెకు పెళ్లి మాటలు ఆగిపోయాయి. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. ఈ రోజు ఆ సంగతి చెప్పడానికే వచ్చాను.

నేను కోయ పిల్లవాణ్ణి. ఆశ్రమ పాఠశాలలో చదివాను, ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేశాను. మొదట ఇంజనీరింగ్ విద్యార్థులకు, తర్వాత నర్సింగ్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాను. వృత్తి చదువుల్లో చెప్పే ఇంగ్లీషు వేరుగా ఉంటుంది. నర్సుకు కావలసిన ఇంగ్లీషు, ఇంజనీరుకు కావలసిన ఇంగ్లీషు, లాయరుకు కావలసిన ఇంగ్లీషు ఒకటి కావు. నేర్చుకునేవాడికి ఆ భాష ఏ పనికి కావాలో ముందు తెలుసుకో, తర్వాతే పాఠం రాసుకో అనే పద్ధతి ప్రపంచంలో 1960ల నుంచి పెరిగింది. 1987లో హచిన్సన్, వాటర్స్ అనే ఇద్దరు దీని మీద రాసిన పుస్తకాన్ని ఇప్పటికీ ఇంగ్లీషు అధ్యాపకులు చదువుతారు. నేనూ చదివాను. చదివి పరీక్ష రాశాను, పాసయ్యాను. క్లాసులోకి వెళ్లాక మాత్రం కాలాలు, ఖాళీలు పూరించడం, లీవ్ లెటర్ రాయడం, ఇవే చెప్పాను. సిలబస్ అదే, ప్రశ్నపత్రం అదే.

ఇప్పుడు సంగతి చెబుతాను. మీలో చాలామందికి సికిల్ సెల్ జబ్బు పేరు తెలుసు. మన ఆదివాసీ జనంలో ఎక్కువగా కనిపించే రక్త సంబంధమైన జబ్బు. దీన్ని 2047 నాటికి లేకుండా చేయాలని 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం ఒక జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వాళ్లు 7 కోట్ల మందికి రక్తపరీక్ష చేయాలని లక్ష్యం. అలాంటి ఒక శిబిరానికి మా నర్సింగ్ విద్యార్థులు వెళ్లారు. అందులో మన కోయ అమ్మాయి ఒకతె ఉంది. తెలివైన పిల్ల, క్లాసులో ఎప్పుడూ మొదటి బెంచీ.

ఒక ఇంట్లో పెళ్లీడు ఆడపిల్లకు రిపోర్టు వచ్చింది. అందులో ‘సికిల్ సెల్ ట్రెయిట్, క్యారియర్’ అని ఉంది. ఆ పిల్ల నాయనమ్మ అడిగింది, ‘ఏమని రాశారు బిడ్డా?’ అని. మా విద్యార్థిని ఒక్క క్షణం ఆలోచించింది. క్యారీ అంటే మోయడం కదా. ‘ఒంట్లో ఆ జబ్బు మోస్తోందవ్వా’ అని చెప్పింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. వారం తిరిగేసరికి అబ్బాయి తరఫువాళ్లు వేరే సంబంధం చూసుకున్నారు. తర్వాత డాక్టరు వచ్చి అసలు విషయం చెప్పాడు. కానీ అప్పటికే అంతా అయిపోయింది.

ఆ అమ్మాయి కాలేజీకి తిరిగి వచ్చి నేరుగా నా దగ్గరికే వచ్చింది. ‘సార్, మీరు ఇంగ్లీషు సార్ కదా. క్యారియర్ అంటే ఏంటో మాకు ఎందుకు చెప్పలేదు?’ అంది. నేను వెళ్లి ఆ సబ్జెక్టు చెప్పే మేడమ్‌ను అడిగాను. ఆవిడ నొచ్చుకున్నారు. పాఠం చెప్పానన్నారు. ఆ పిల్ల జవాబు పత్రం తీసి చూపించారు. క్యారియర్ నిర్వచనం పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తప్పు లేకుండా రాసి ఉంది. మార్కులు పూర్తిగా వచ్చాయి. పరీక్షలో ఒప్పు రాసిన పిల్లే ఊళ్లో తప్పు చెప్పింది. మాటలు నా పని అని ఆ మేడమ్ అనుకున్నారు. జబ్బుల మాటలు ఆవిడ పని అని నేను అనుకున్నాను. ఆ ఒక్క మాట మా ఇద్దరి మధ్య జారిపోయి మన పిల్ల నెత్తిన పడింది.

వృత్తి ఇంగ్లీషు చెప్పడంలో ఉన్న మొదటి కష్టం ఇదే తమ్ముళ్లూ. నాకు ఇంగ్లీషు తెలుసు, వైద్యం తెలియదు. ఆవిడకు వైద్యం తెలుసు, భాష ఎక్కడ అడ్డం పడుతుందో తెలియదు. పిల్లలకు రెండూ కలిపి కావాలి.

రెండో కష్టం, తెలిసిన మాటలే మోసం చేయడం. పొడుగాటి వైద్య పదాలు చూసి పిల్లలు భయపడతారు, భయంతో డిక్షనరీ తీస్తారు. అందుకని వాటితో ప్రమాదం తక్కువ. చిన్న మాటల దగ్గర డిక్షనరీ తీయరు. స్టూల్ అంటే కూర్చునే పీట అనుకుంటారు. ఆసుపత్రిలో అది మలం. టెండర్ అంటే కాంట్రాక్టు టెండర్ అనుకుంటారు. కేసు షీటులో అది ముట్టుకుంటే నొప్పి పుట్టడం. డిశ్చార్జ్ అంటే రోగిని ఇంటికి పంపడమూ అవుతుంది, పుండు నుంచి కారే చీమూ అవుతుంది. నెగటివ్ అంటే చెడ్డది అనుకుంటారు. చాలా రిపోర్టుల్లో నెగటివ్ వస్తే అది మంచి కబురు. కల్చర్ అంటే ఈ రోజు మనం జరుపుకుంటున్న సంస్కృతి. ల్యాబులో కల్చర్ అంటే సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్ష. ఒకసారి మందుల చీటీలో ‘బీడీ’ అని చూసి మా పిల్లవాడు పకపకా నవ్వాడు. వేసవంతా తునికాకు కోసి వచ్చినవాడు మరి! రోజుకు రెండుసార్లు వేయాలని దానర్థం.

మూడో కష్టం వాక్యంలో ఉంది. మన మాటలో చేసినవాడు ముందు ఉంటాడు. ‘సిస్టర్ సూది వేసింది’ అంటాం. ఆసుపత్రి రికార్డుల్లో చేసినవాడు తరచూ కనపడడు. ‘ఇంజెక్షన్ గివెన్’ అని ఉంటుంది. ‘గివెన్’ అంటే వేసేశారు. ‘టు బి గివెన్’ అంటే ఇంకా వేయాలి. రాత్రి డ్యూటీ పిల్ల తొందరలో ‘గివ్ ఇంజెక్షన్’ అని రాసి పోతే, పొద్దున వచ్చిన పిల్ల ఏమనుకోవాలి? మళ్లీ వేస్తే ఒక ప్రమాదం, వేయకపోతే ఇంకో ప్రమాదం. నేను ఏళ్ల తరబడి భూతకాలం, భవిష్యత్కాలం అని బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. ఈ ఒక్క ఉదాహరణ చెప్పిన రోజున క్లాసు మొత్తం నిటారుగా కూర్చుంది. వ్యాకరణం ఎందుకో ఆ రోజు వాళ్లకు తెలిసింది, నాకూ తెలిసింది.

నాలుగో కష్టం మనకు మాత్రమే ఉన్నది. పట్నం పిల్లవాడు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, రెండు మెట్లు ఎక్కితే చాలు. మనకు మూడు మెట్లు. ఇంట్లో కోయ, బడిలో తెలుగు, యూనివర్సిటీలో ఇంగ్లీషు. నీళ్లను ఇంట్లో ‘ఏర్’ అన్నాం. బడికి వెళ్లి ‘నీరు’ అని నేర్చుకున్నాం. సైన్సు పుస్తకంలో సాంద్రత, త్వరణం, కిరణజన్య సంయోగక్రియ అని కష్టపడి బట్టీ పట్టాం. యూనివర్సిటీకి రాగానే డెన్సిటీ, యాక్సిలరేషన్, ఫొటోసింథసిస్ అన్నారు. విషయం తెలిసినా పేరు తెలియక తల దించుకున్నాం. అధ్యాపకుడికి ఆ దించిన తల కనపడుతుంది గానీ లోపల ఉన్న తెలివి కనపడదు. ‘వీడికి బేసిక్స్ లేవు’ అంటాడు. నిజానికి బేసిక్స్ ఉంటాయి, వేరే భాషలో ఉంటాయి.

ఇందులో ఇంకో చిక్కు. ‘మన భాషలు’ అని ఒకే గాటన కట్టలేం. కోయ, గోండి భాషలు తెలుగుకు దగ్గరి చుట్టాలు. సవర భాష వేరే కుటుంబానిది. లంబాడీ భాష ఇంకో కుటుంబానిది. అరవై మంది ఉన్న క్లాసులో వీళ్లంతా కలిసి ఉంటారు, పక్కనే చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలూ ఉంటారు. ఒకే పాఠం ఒకడికి మరీ తేలిక, ఒకడికి మరీ బరువు. తప్పు మాట్లాడితే నవ్వుతారని మన పిల్లలు నోరు తెరవరు. నోరు తెరవకుండా ఏ భాషా రాదు.

మరి ఏం చేశాం? గొప్పగా ఏమీ చేయలేదు, చేసింది చెబుతాను.

మీ ఇళ్లలో ఎవరూ తునికాకు మీద పాఠం చెప్పి ఉండరు. అయినా యాభై ఆకులకు ఒక కట్ట, వెయ్యి కట్టలకు ఒక స్టాండర్డ్ బ్యాగు, ఎప్పుడు కోయాలి, కల్లంలో ఎలా ఆరబెట్టాలి, అన్నీ మీకు మాటలతో సహా వచ్చు. పని చేస్తూ నేర్చుకున్నారు కాబట్టి వచ్చాయి. మన డోలీలు పడిగె విప్పి గోత్రాల కథ చెబుతారు. ఆ కథకూ ప్రత్యేకమైన మాటలున్నాయి, వాళ్లు పెద్దల వెంట తిరిగి నేర్చుకున్నారు. ప్రత్యేకమైన భాష మన జాతికి కొత్త కాదు. దాన్ని పని నుంచి విడదీసి నేర్పడమే మనకు కొత్త.

అందుకని ఆ మేడమ్, నేను వారానికి ఒక పీరియడ్ కలిసి చెప్పడం మొదలుపెట్టాం. ఆవిడ జబ్బు చెబుతారు, నేను మాట చెబుతాను. నాకు తెలియనిది పిల్లల ముందే ఆవిడను అడుగుతాను. సార్‌కే తెలియదు, అడిగితే తప్పులేదు అని పిల్లలకు ధైర్యం వచ్చింది. డ్యూటీ మారేటప్పుడు ఒక నర్సు ఇంకో నర్సుకు రోగులను అప్పజెప్పే మాటలను క్లాసులో నాటకంలా ఆడించాం. ఒక నోటుబుక్కు పెట్టి మూడు గడులు గీశాం. ఇంగ్లీషు మాట, తెలుగు మాట, ఇంటి మాట. చివరగా ఒక నియమం పెట్టాం. నేర్చుకున్నది ఇంగ్లీషులో రాయడంతో పాఠం అయిపోదు. ఇంటి భాషలో అవ్వకు అర్థమయ్యేలా చెప్పగలగాలి.

క్యారియర్‌కు ఇంటి మాట దొరకలేదు. మూడో గడి చాలా రోజులు ఖాళీగా ఉంది. చివరికి ఆ అమ్మాయే నింపింది, ఒక మాటతో కాదు, ఒక పోలికతో. మనం భూమి పండుగలో విత్తనాలకు మొక్కుతాం కదా. ‘ప్రతి బిడ్డకూ అమ్మ ఒక గింజ ఇస్తుంది, నాయన ఒక గింజ ఇస్తాడు. రెండింటిలో ఒకటి వంకర గింజ అయితే బిడ్డకు జబ్బు కాదు, మామూలుగానే బతుకుతుంది. అదే క్యారియర్. రెండూ వంకర గింజలైతేనే జబ్బు’ అని చెప్పింది. భార్యాభర్తలు ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే పెళ్లికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోవాలి. ఒక్కరి కార్డు చూసి పెళ్లి మానుకోవడం అన్యాయం. నాలుగేళ్ల డిగ్రీ చదువు చేయలేని పని ఆ పోలిక చేసింది.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. టైమ్‌టేబుల్ మారి ఆ కలిపి చెప్పే పీరియడ్ ఒక సెమిస్టర్ పోయింది. క్లాసులో కోయ మాట్లాడిస్తే ఇంగ్లీషు ఎలా వస్తుందని కొందరు కోప్పడ్డారు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. 1940లలోనే ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర గోండు యువకులకే పంతుళ్ల శిక్షణ ఇప్పించి, గోండిలో వాచకాలు తయారు చేయించాడు. తెలిసిన భాష మీద నిలబడితేనే తెలియని భాష అందుతుందని అప్పుడే రుజువైంది.

ఇక మీకు మూడు మాటలు. ఒకటి, మీ కోర్సులో తెలిసినట్టే కనపడే చిన్న మాటలను అనుమానించండి. అక్కడే డిక్షనరీ తీయండి. రెండు, తెలియనిది క్లాసులోనే అడగండి. అక్కడ నవ్వితే ఒక్క నిమిషం సిగ్గు. ఊళ్లో తప్పు చెబితే ఒకరి బతుకు. మూడు, మీ భాషను హాస్టల్ గేటు దగ్గర వదిలేసి రాకండి. రేపు మన ఊళ్లకు వచ్చే డాక్టరుకు ఇంగ్లీషు వస్తుంది, తెలుగూ రావచ్చు. అవ్వ మాట ఆయనకు రాదు. ఆ ఇద్దరి మధ్య నిలబడి చెప్పగలిగేది మీరే.

ఆ అమ్మాయి ఇప్పుడు స్టాఫ్ నర్సు. తన మాట వల్ల పెళ్లి ఆగిన పిల్ల ఇంటికి సెలవుల్లో రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి వాళ్లు తలుపు తీయలేదు. రెండోసారి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారట. ఈ సంగతి చెప్పమని తనే నాకు అనుమతి ఇచ్చింది. పేరు మాత్రం వద్దంది.

మా మూడు గడుల నోటుబుక్కు ఈ రోజు తెచ్చాను, అక్కడ బల్ల మీద ఉంది. అందులో మూడో గడి చాలా చోట్ల ఖాళీగా ఉంది. భోజనాలయ్యాక వచ్చి మీ ఇంటి మాటలు రాసి వెళ్లండి. రాయడం రాని పెద్దలు చెబితే మేము రాసుకుంటాం.