ఫిల్ములో కనబడని గాయము

(మన సంఘపు వారాంతపు కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



మేమెరిగిన యొక యింట ఒక యువతికి మల్టిపుల్ స్క్లీరోసిస్ అను నాడీవ్యాధి కలదు. కాళ్ళు తిమ్మిరెక్కుట, నాలుగడుగులకే అలసిపోవుట ఆమెకు నిత్యము. ఈ యేడు తీసిన ఎం.ఆర్.ఐ. ఫిల్ములో క్రొత్త మచ్చ లేదు. "మచ్చ లేదు గదా, ఇంక బాధ యెక్కడిది?" అని యింటివారే ఆమెను నిలదీసిరి. నేడు మేము ఆ ప్రశ్నకే సమాధానము చెప్పబూనితిమి.

ఈ వ్యాధిని 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు స్పష్టముగా వర్ణించెను. దేహమును కాపాడవలసిన రక్షణబలమే దారితప్పి, నాడీతంతువులను చుట్టియుండు మైలిన్ అను కొవ్వుపొరను పాడుచేయును. పొర పోయిన తంతువులు కొన్ని క్రమముగా నశించును. సాధారణ ఎం.ఆర్.ఐ. పెద్ద మచ్చలను చక్కగా చూపును. కాని మచ్చల లెక్కకును రోగి యవస్థకును పొంతన కుదరదని వైద్యులు చాలకాలముగా గమనించుచున్నారు.

వ్యాపన ఎం.ఆర్.ఐ. ఇచ్చట అక్కరకు వచ్చినది. నాడీరోగులలో దీని ఫలితములను 1986లో లె బిహాన్ బృందము ప్రకటించెను. 1994లో బాసర్, ఆయన సహచరులు దిక్కులను గూడ లెక్కలోనికి తెచ్చిరి. ఈ పద్ధతి కొలుచునది నీటి కణముల కదలికను. చాళ్ళు తీసిన చేనిలో నీరు చాలు వెంట సాగునే గాని గట్టెక్కి పోదు. ఆరోగ్యముగల తంతువుల కట్టలలోను అంతే: పొడవునా చురుకు, అడ్డముగా మందము. గట్లు తెగినచో నీరు నలువంకల పోవును. ఈ దిక్కుపట్టును సున్న మొదలు ఒకటి వరకు గల అంకెతో సూచింతురు. దానికి ఫ్రాక్షనల్ అనైసోట్రపి యని పేరు. మచ్చలయందే గాక, ఫిల్ములో నిర్మలముగా కనిపించు తెల్ల పదార్థమునందును ఈ రోగులకు ఆ యంకె తగ్గుచున్నదని 1990ల చివరినుండి పలు పరిశోధనలు తేల్చినవి. ఒకే రోగిని మరల మరల కొలిచి, మార్పును వెంబడింపనగును.

అయితే అంకె తగ్గగానే మైలిన్ పోయినదనుట తొందరపాటు. వాపు వలనను తగ్గును. తంతువు నశించినను తగ్గును. రెండు కట్టలు ఒకదానినొకటి దాటుచోట ఆరోగ్యవంతునికే తక్కువగా నుండును. యంత్రము మారిన అంకెయు మారును. కావున నేటికిని ఇది ముఖ్యముగా పరిశోధకుల పనిముట్టే. ఈ యంకెను మాత్రమే చూచి ఒక రోగికి మందు మార్చు ఆచారము లేదు.

ఆ యింటివారికి ఇదంతయు మేము విన్నవించితిమి. చాలసేపటికి ఆమె తల్లి, "అయితే అమ్మాయి వంక పెట్టుటలేదన్నమాట" అని మెల్లగా ననెను.