కుండలో ఏమున్నది?

ఈ దినము మన ధ్యానమునకు రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయము 38 నుండి 41 వరకు ఉన్న వచనములు తీసుకొందము. మీ యొద్ద బైబిలు ఉన్నయెడల తెరచి చూడండి.

అది కరువు కాలము. గిల్గాలులో ప్రవక్తల శిష్యులు ఎలీషా ఎదుట కూర్చున్నారు. పెద్ద కుండ పొయ్యిమీద పెట్టారు. వారిలో ఒకడు కూరాకులు ఏరుటకు పొలములోనికి వెళ్లి, అడవితీగె కాయలు ఒడినిండా కోసుకొని వచ్చి, తరిగి కుండలో వేశాడు. అవి ఎటువంటివో ఎవరికీ తెలియదు. తినుటకు వడ్డించిన తరువాత, ఈ కుండలో చావు ఉన్నదయ్యా అని వారు కేకలు వేశారు. అప్పుడు దైవజనుడు పిండి తెప్పించి కుండలో వేశాడు. ఇక దానిలో హాని లేకపోయింది.

గమనించారా? ఆ కాయలు తెచ్చినవాడు పగవాడు కాడు. అందరి ఆకలి తీర్చాలని ప్రేమతో వెళ్లినవాడు. ప్రేమ ఉన్నది గానీ తెలివిడి లేదు. మన ఇండ్లలోనికి విషము ఎక్కువగా ఈ దారినే వస్తుంది.

నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పనివ్వండి. మాది మహబూబ్‌నగర్ జిల్లాలో పత్తి చేను మీద బ్రతికిన కుటుంబము. పురుగుమందు అయిపోయిన డబ్బాను మా అమ్మ పారవేయలేదు. మూత గట్టిది, కారదు. "బూడిదేసి నాలుగుసార్లు తోమిన, ఇంకేమైతది?" అని దానిలో పల్లినూనె పోసి పెట్టింది. కొన్ని దినములకు మా తమ్మునికి వాంతులు, నోటివెంట నురగ. ఎడ్లబండి మీద బస్సు దాకా, బస్సులో పట్నము దాకా తీసుకుపోయాము. దేవుని కృపవలన వాడు బ్రతికాడు. ఆ నూనెవల్లనే అయిందని డాక్టరు రుజువు చేయలేదు గానీ, మా నాయన ఇంటికి రాగానే ఆ డబ్బాను గొడ్డలితో నరికి పూడ్చివేశాడు.

అప్పుడు మా పక్కింటి అవ్వ ఏమన్నదో తెలుసా? "నేను ఎన్నడో చూసిన బిడ్డా. చెప్తే మీ అమ్మ ఏమనుకుంటదోనని ఊకున్న." ఆ మాట నన్ను ఈ రోజుకీ విడువలేదు. గిల్గాలులో వారు మర్యాద కొరకు ఊరకుండలేదు. కేక వేశారు, గనుక బ్రతికారు.

2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామములో, బడిలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. పత్తి రైతులకు బాగా తెలిసిన పేరే అది. నూనె బాగాలేదని వంటచేసిన స్త్రీ చెప్పినా వంట ఆగలేదని అప్పటి వార్తలు తెలిపాయి. కేక వేసేవారు ఉండాలి, వినేవారూ ఉండాలి.

ఇక కనబడని విషము మరియొకటి ఉన్నది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన నల్లగొండ బోరునీళ్లలోని ఫ్లోరైడ్ అది. నేలలోపలి రాళ్ల నుండి అది నీటిలోనికి దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకు మించిన నీళ్లు ఏండ్ల తరబడి త్రాగితే చిన్నవయసులో పండ్లు గారపట్టును, పెద్దయ్యాక కీళ్లు బిగిసి నడుము వంగును. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాలలో వంగిన నడుములను మీరు చూచియున్నారు. 1996లో ఈ నీళ్ల గోడు వినిపించుటకు నల్లగొండ పార్లమెంటు స్థానములో 480 మంది పోటీకి నిలబడ్డారు. అదీ ఒక కేకే కదా!

రెండవ రాజులు 2వ అధ్యాయములో యెరికో మనుష్యులు కూడా, ఊరు మంచిదే గానీ నీళ్లు మంచివి కావని ఎలీషాతో చెప్పుకొన్నారు. వారు దాచలేదు. ఎలీషా ఊట యొద్దకే వెళ్లి ఉప్పు వేశాడు. మన కాలములో నాగపూరులోని శాస్త్రజ్ఞులు పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానము కనుగొన్నారు. లోకమంతటా దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. తరువాత 2015లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఊళ్లకు వచ్చాయి. అయినను రుచి బాగుందని తిరిగి బోరునీళ్లే త్రాగేవారున్నారు. నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు సుమా! నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

"ప్రార్థన చేసి తింటే ఏమీ కాదు, దేవుడే చూచుకొంటాడు" అని కొందరు విశ్వాసులు అంటారు. మార్కు సువార్త చివరి అధ్యాయము చూపిస్తారు. ప్రియులారా, దేవాలయ శిఖరము మీద నుండి దూకుమని సాతాను అడిగినప్పుడు ప్రభువు దూకలేదు. తండ్రిని శోధింపకూడదన్నాడు. తెలియక త్రాగినవానిని దేవుడు కాపాడవచ్చును. తెలిసి బిడ్డకు త్రాగించుట విశ్వాసము కాదు, శోధించుట. గిల్గాలులో కూడా, చావున్నదని తెలిసిన తరువాత పిండి వేయకముందు ఎవరూ తినలేదు.

కాబట్టి ఈ దినమే ఇంటికి వెళ్లి చూడండి. మందు డబ్బాలు వంటింట్లో ఉన్నవా? ఎన్నిసార్లు కడిగినా అవి తిండికి పనికిరావు. వాటికి చిల్లులు పొడిచి పనికిరాకుండ చేయండి. మందు డబ్బా మీది గుర్తు చూడండి. ఎరుపు రంగు అన్నిటికంటె ప్రమాదము, తరువాత పసుపు, తరువాత నీలము, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినను మందు మందే. మందులను, యాసిడ్‌ను, ఫినాయిల్‌ను కూల్‌డ్రింకు సీసాలలో పోయకండి. చిన్నపిల్లలు రంగు చూచి త్రాగుతారు. మామిడిపండ్లను కార్బైడ్‌తో మాగబెట్టుట చట్టవిరుద్ధము. అమ్మే రైతు సోదరుడా, నీ బిడ్డకు పెట్టని పండు పరుల బిడ్డకు పెట్టకుము. మీ బోరునీళ్లను పరీక్ష చేయించండి.

పొరుగింట ఇటువంటిది చూస్తే ప్రేమతో చెప్పండి. ఒక పూట కోపగించుకొన్నా పరవాలేదు. మా అవ్వవలె ఊరకుండకండి. పొరుగువానిని ప్రేమించుట అంటే అతని కుండను గూర్చి కూడా చింతించుటయే.

ప్రార్థించుకొందము. పరలోకపు తండ్రీ, మా కుండలను, మా ఊటలను నీ ఎదుట పెట్టుచున్నాము. తెలియక చేసిన తప్పులను క్షమించుము. చూచుటకు కన్నులను, చెప్పుటకు ధైర్యమును, వినుటకు దీనమనస్సును దయచేయుము. ఈ నేల వలన నడుము వంగిన మా వారిని ఆదరించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.